గేటు రొట్టె

మా ఇంటికీ మా ఊరికీ మధ్య టోల్ గేటు ఉంది. బయటి ఊళ్ల వాళ్లకి ఈ మాట చెబితే నవ్వుతారు. టోల్ గేటంటే ఎక్కడో పొలాల మధ్య ఉంటుంది, దూరాలు పోయేవాళ్లు కట్టుకుంటారు, మీకేం నొప్పి అంటారు. మాదీ ఒకప్పుడు పొలాల మధ్యే ఉండేది. నెల్లూరు నుంచి ఉత్తరంగా పోయే హైవే మీద, సముద్రపు గాలి తగిలే మా చిన్న పట్నం శివార్లలో, వేరుశనగ చేల నడుమ కట్టారు. తర్వాత పట్నం పెరిగింది. పెరిగి పెరిగి గేటు దాటి అవతలికి పాకింది. స్థలాలు చవగ్గా వస్తున్నాయని మాలాంటి వాళ్లం అవతలి కాలనీలో ఇళ్లు కట్టుకున్నాం. మార్కెట్టు, పెద్దాసుపత్రి, కోర్టు, నేను పాఠాలు చెప్పే బడి, అన్నీ ఇవతలే ఉండిపోయాయి. ఊరు పెరిగిందని అందరికీ తెలుసు, ఆ గేటు పెట్టినవాళ్లకి తప్ప.

నిజం చెప్పాలంటే చాలా ఏళ్లు మాకూ ఆ గేటు పట్టలేదు. నాకు స్కూటరుంది. స్కూటర్లకీ ఆటోలకీ టోల్ లేదు. పక్కనున్న సన్న దారిలోంచి దూరిపోయేవాళ్లం. కార్లున్న వాళ్లు గొణుక్కుంటుంటే వాళ్ల గోల మనకెందుకులే అనుకునేవాళ్లం. మా వదినకి బండి వచ్చాకే అది మాకు గేటులా కనపడింది.

వదిన అంటే మా అన్న భార్య. అన్న సంగం అనే ఊరి దగ్గర మా పొలంలో వరి పండిస్తూ అక్కడే ఉంటాడు, వారానికోసారి వస్తాడు. వదిన పిల్లల చదువు కోసం మా పక్కింట్లో అద్దెకి దిగింది. ఊరికే కూర్చునే మనిషి కాదు. పొలం నుంచి వచ్చే బియ్యం ఉంది, చేతిలో వంట ఉంది. మధ్యాహ్నం భోజనాలు వండి పట్నంలోని దుకాణాలకీ, కోర్టు గుమాస్తాలకీ, ఆసుపత్రి నర్సులకీ క్యారేజీలు పంపడం మొదలుపెట్టింది. శుక్రవారం చేపల పులుసు. జువ్వలదిన్నె రేవు నుంచి పొద్దున్నే వచ్చే చేప, మామిడికాయ ముక్క వేసి చేసేది. ఆ పులుసు కోసం వాయిదా శుక్రవారానికి వేయించుకునే ప్లీడరు ఒకాయన ఉన్నాడని కోర్టులో వేళాకోళం.

క్యారేజీలన్నీ ఆటోలో పోయేవి. ఆటోలో జనం కాళ్ల మధ్య పులుసు ఒలికేది, మూతలు ఊడేవి, ఎవరో ఒకరి చీర పాడయ్యేది, వదిన వాళ్లతో తిట్లు తినేది. ఒక బండి ఉంటేనా అని రోజూ అనేది. అలా అనుకుంటూనే ఒక ఏడాది రొట్టెల పండగకి నన్ను వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్లింది.

మొహర్రం నెలలో జరిగే ఆ పండగ సంగతి మావైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక ఉన్నవాళ్లు కోరిక తీరినవాళ్ల చేతి రొట్టె తీసుకుని తింటారు. పెళ్లి కావాల్సినవాళ్లు పెళ్లి రొట్టె, కొలువు కావాల్సినవాళ్లు ఉద్యోగ రొట్టె, ఇల్లు లేనివాళ్లు ఇంటి రొట్టె. కోరిక తీరిందా, మరుసటేడు అదే రొట్టె చేసుకుని వచ్చి, అదే కోరికతో నిలబడినవాళ్లకి ఇవ్వాలి. తీసుకుని ఎగ్గొట్టడానికి లేదు. ముస్లింలూ దిగుతారు, మా హిందువులమూ దిగుతాం, మా వీధి చివరి చర్చికి పోయేవాళ్లు కూడా కొందరు ఎవరికీ చెప్పకుండా వచ్చి దిగుతారు. నీళ్లలోకి దిగాక ఎవరి దగ్గర ఏ రొట్టె ఉందో అరిచి చెప్పుకుంటారు, అంతే.

ఆ ఏడు వదినకి బండి రొట్టె ఇచ్చినాయన లారీ ఓనరు. ఇచ్చేముందు నవ్వుతూ, బండి వస్తే గేట్లు కూడా వస్తాయి తల్లీ, చూసుకో అన్నాడు. వదిన రొట్టె చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. "గేటు సంగతి తర్వాత చూసుకుంటాంలే అన్నా, ముందు బండి రానీ" అని అక్కడే, మోకాటి లోతు నీళ్లలో, దర్గా వైపు తిరిగి తినేసింది.

బండి వచ్చింది. ఎవరో అమ్ముకున్న పాత వ్యాను, వెనక తలుపు గట్టిగా కొడితేగానీ పడదు. అన్న సంగం కాలవ గట్టున దాన్ని తోలడం నేర్పించాడు. వదిన చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని స్టీరింగ్ పట్టుకున్న రోజున కాలనీ ఆడవాళ్లం అందరం వీధిలోకి వచ్చి చూశాం. ఆ పూట పులుసు చుక్క కూడా ఒలక్కుండా కోర్టుకి చేరింది.

తర్వాత మొదలైంది. పొద్దున టిఫిన్లకి ఒక సారి, మధ్యాహ్నం భోజనాలకి ఒక సారి, మార్కెట్టుకి ఒక సారి. పోయేటప్పుడు గేటు, వచ్చేటప్పుడు గేటు. అద్దం మీద అంటించిన ట్యాగ్‌ని పైనున్న మిషను చూడటం, కుయ్ మనడం, వదిన ఫోనుకి మెసేజి రావడం. ఎంత పోయిందో నేను రాయను. రాస్తే నాకు మళ్లీ కోపం వస్తుంది. వదిన మాత్రం ఒక్క మాట అంది, నేను వండేది ఈ గేటువాళ్ల కోసమే మ్మే అని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అట్లా ఉంది మా పని. బండి దేవుడిచ్చాడు. గేటు తోలుకోనివ్వడం లేదు.

మనిషైతే తిట్టొచ్చు. నాకు తిట్టడం బాగా వచ్చు, బడిలో నా గొంతు వింటే పక్క క్లాసు కూడా కూర్చుంటుంది. ఆ మిషనుని ఏమని తిట్టను? గేటు పక్క గాజు గదిలో, అదే టోల్ బూతులో, కూర్చున్న అమ్మాయిని అడిగితే, అక్కా నాకేం తెలీదు, అంతా పైనుంచి అంటుంది. పైన చూస్తే ఆ పెట్టె తప్ప ఎవరూ లేరు. ఫోను చేస్తే ఏదో గొంతు హిందీలో మాట్లాడి, ఇంగ్లీషులో మాట్లాడి, తెలుగుకి ఏ అంకె నొక్కాలో చెప్పేలోపు కట్టయ్యేది. ఒక ఆదివారం బండి మా ఇంటి ముందే ఉంది. వెనక చక్రం పంక్చరు షాపులో ఉంది, బండి ఇటుకల మీద ఉంది. వదిన ఫోను కుయ్ మంది. బండి గేటు దాటిందట. వదిన పాపం వీధిలోకి పరిగెత్తి, బండి ఉందో లేదో చూసొచ్చింది.

దగ్గరి ఊళ్ల వాళ్లకి రాయితీ ఉంటుందని ఎవరో చెబితే గేటు పక్కనున్న ఆఫీసుకి వెళ్లాం. అక్కడి ఆయన వదిన ఆధార్ కార్డు చూశాడు. అందులో సంగం దగ్గరి మా సొంతూరి అడ్రసుంది. మీరు లోకల్ కాదు మేడమ్ అన్నాడు. వదిన కిటికీ దగ్గరికి వెళ్లి వేలు చూపించింది. అదిగో ఆ నల్ల నీళ్ల ట్యాంకు, దాని కిందది మా ఇల్లు సార్ అంది. ఆయన చూడనన్నా చూడలేదు, కార్డులో లేదుగా అన్నాడు. నేను అక్కడ అన్న మాటలు ఇక్కడ రాయడానికి పనికిరావు. నేను పిల్లలకి నీతి శతకాలు చెప్పే మనిషిని.

కోపం మా ఒక్క ఇంటిదే కాదు. కాలనీలో కారు బాడుగకి తోలేవాళ్లున్నారు, కూరగాయల వ్యాన్లవాళ్లున్నారు, డాక్టరు దగ్గరికి ముసలివాళ్లని తీసుకుపోయేవాళ్లున్నారు. కొన్నాళ్లు అందరూ కాలవ పక్కనుంచి పోయే పాత బండ్ల బాటలోంచి తిరిగిపోయారు. ఎద్దుల బండ్ల నాటి బాట అది, మా తాతల నాటిది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఆ బాటకి అడ్డంగా గొయ్యి తవ్వి, పక్కన సిమెంటు దిమ్మెలు పెట్టి ఉన్నాయి. ఎవరు తవ్వారంటే ఎవరూ తవ్వలేదు. గేటువాళ్లు మాకు తెలీదన్నారు, పంచాయతీ మాకు తెలీదంది. గొయ్యి దానంతటదే పడినట్టుంది. ఆ గొయ్యి చూసిన రోజే ధర్నాకి కూర్చుందామని కాలనీ అంతా అనుకుంది.

షామియానా గేటుకి ఊరి వైపు వేసుకోమని పోలీసులు చెప్పారు. నీడ అక్కడే ఉంది కూడా. కూర్చున్నవాళ్లందరికీ అన్నం ఎవరు పెడతారు? మా వదిన. పెద్ద గిన్నెల్లో సాంబారు, పులిహోర వండి, బండిలో పెట్టుకుని బయల్దేరింది. గేటు దగ్గరికి వచ్చింది. పైన మిషను కుయ్ మంది, డబ్బు తీసుకుంది, అడ్డంగా ఉన్న గేటు కర్ర లేచింది. టోల్ వద్దని కూర్చున్నవాళ్లకి అన్నం తెచ్చినందుకు టోల్ తీసుకున్నారు. గిన్నెలు దించి వెళ్లేటప్పుడు ఇంకోసారి తీసుకున్నారు. ధర్నా జరిగినన్నాళ్లూ ఇదే. షామియానాలో మైకులో టోల్ కట్టం, కట్టం అని అరుస్తుంటే, ఎదురుగా మా వదిన కడుతూ వచ్చేది. నాకు మైకు లాక్కుని ఆ మాట చెప్పాలనిపించింది. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. జనం నవ్వుతారు మ్మే, నవ్వితే పలచనైపోతాం అంది.

చివరి రోజు ఒక నాయకుడు వచ్చాడు. మా పులిహోర రెండు సార్లు వడ్డించుకుని తిన్నాడు. వంట బాగుందమ్మా అన్నాడు. గేటు ఎత్తేయించే పూచీ నాది, పైవాళ్లతో మాట్లాడతా అని చెప్పి, రోజూ అన్నం తిన్న మాకే నిమ్మరసం ఇచ్చి ధర్నా విరమింపజేశాడు. ఆయన కార్లు గేటు దాటుతుంటే కర్ర ముందే లేచి నిలబడింది. ఆయన కార్లకి కుయ్ మనే పని లేదు. షామియానా విప్పేశారు. ఆయన మళ్లీ మావైపు రాలేదు. మా బడిలో ఒక మాస్టారు, దేశానికి రోడ్లు కావాలంటే కట్టాలి కదండీ అని నాకు చెప్పబోయాడు. మీరు దేనిమీద వచ్చారు మాస్టారూ అని అడిగాను. స్కూటరు అన్నాడు. అయితే నోరు మూసుకోండి అన్నాను. ఇప్పటికీ మాకు మాటల్లేవు.

ఆ వారంలోనే వదిన బండి అమ్మేస్తానంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల, మళ్లీ ఆటోలోనే పంపుకుంటా అంది. నవ్వుతూనే అంది, కానీ ఆ పూట చేపల పులుసులో ఉప్పు వేయడం మర్చిపోయింది. బేరం కూడా వచ్చింది. అయితే ఒక చిక్కుంది. రొట్టెల పండగ దగ్గరపడింది. కోరిక తీరింది కాబట్టి బండి రొట్టె ఇవ్వాలి. ఇవ్వకుండా బండి అమ్మితే తప్పు. ఇస్తే, తన మాటల్లోనే చెబుతాను.

"నా మెడకి చుట్టుకున్నదాన్ని తీసకపోయి ఇంకో ఆడదాని మెడకి చుట్టేదా? ఎట్టా ఇచ్చేది మ్మే ఆ రొట్టె?"

మొక్కు మొక్కే వదినా, ఇచ్చేసి వచ్చాక అమ్ముకుందువుగాని అన్నాను. రొట్టెలు చేసుకుని, తలమీద కొంగు కప్పుకుని, అదే బండిలో బయల్దేరాం. గేటు దగ్గర బూతులో ఆ అమ్మాయే ఉంది. మా కాలనీ వెనక వీధిలో ఉంటుంది. వదిన ఒళ్లో రొట్టెల మూట చూసి, రొట్టెల పండక్కా అక్కా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, ఇక బూతులు ఉండవంట, కెమెరాలే పెడతారంట, నాకొక ఉద్యోగ రొట్టె దొరుకుద్దేమో చూడక్కా అంది. కర్ర లేచేదాకా పళ్లు కొరుకుతున్న వదిన ఆమె మొహం వంక చూసింది. తెస్తాలే మ్మే అంది.

చెరువు దగ్గర నీళ్లు కనపడనంత జనం. ముందు ఉద్యోగ రొట్టె తీసుకున్నాం. ఒకరి కోసం ఇంకొకరు తీసుకోవచ్చా అంటే, ఇచ్చినామె, ఆ పిల్లని మనసులో తలుచుకుని తీసుకోమ్మా అంది. తర్వాత వదిన తన బండి రొట్టె పట్టుకుని నిలబడింది. అరవలేదు. అయినా కోవూరు వైపు నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం ఇద్దరు వెతుక్కుంటూ వచ్చారు. బండి రొట్టె మీ దగ్గరుందా అక్కా అని అడిగారు. తోపుడు బండి మీద ప్లాస్టిక్ బిందెలు అమ్ముకుంటారట, మోటారు బండి కావాలట.

వదిన రొట్టె ఇవ్వలేదు. పెళ్లి సంబంధం చూడొచ్చినట్టు వివరాలు అడగడం మొదలుపెట్టింది. ఇల్లెక్కడ, బేరం ఎక్కడ, మధ్యలో గేటుందా. ఉందన్నాడు మొగుడు. వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నీళ్లలో నిలబడి అడిగినవాళ్లకి లేదనకూడదు. ఆ పెళ్లాం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు వదిన నోరు విప్పింది.

"నేను ఇచ్చేది బండి. దాంతోపాటు గేటు కూడా వస్తాది. దినాం పోతావుంటే తీస్తాది, వస్తావుంటే తీస్తాది, ఇంట్లో పడుకున్నా తీస్తాది. తెలిసి తీసుకుంటే తీసుకో."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. గేటు సంగతి తర్వాత చూసుకుంటాంలే అక్కా, ముందు బండి రానీ అంది. వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కిందటేడు ఇదే చోట వదిన అన్న మాటే అది. వదిన రొట్టె ఆమె చేతిలో పెట్టింది. ఆమె దర్గా వైపు తిరిగి తింటుంటే వదిన కదలకుండా చూస్తూ నిలబడింది.

తర్వాత ఏమనుకుందో, చేతులు రెండూ పైకెత్తి, క్యారేజీలవాళ్లని కేకేసే గొంతుతో అరిచింది. "గేటు రొట్టె ఎవురి దగ్గరన్నా ఉండాదా? గేటు పోయినోళ్లు ఎవురన్నా ఉండారా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. నాకు చెరువులో మునిగిపోదామనిపించింది. కానీ నవ్వు ఆగాక ఒక పెద్దాయన, నాక్కూడా కావాలి తల్లీ అన్నాడు. ఇంకొకామె మాక్కూడా అంది. టమాటా వ్యాను తోలే ఆయన, పెళ్లిళ్లకి కారు తిప్పే ఆయన, ఒక్కొక్కరే మా చుట్టూ చేరారు. ఎవరి ఊళ్లో ఎవరి గేటు ఎలా పీక్కు తింటోందో చెప్పుకున్నారు. అందరూ అడిగేవాళ్లే. ఇచ్చేవాళ్లు ఒక్కరూ లేరు. అంత పెద్ద చెరువులో, అన్ని వేల చేతుల్లో, పెళ్లికీ కొలువుకీ కడుపు పంటకీ రొట్టె ఉంది గానీ గేటు పోయిన మనిషి చేతి రొట్టె ఒక్కటి లేదు. వదిన నీళ్లలోంచి బయటికి వచ్చి చీర పిండుకుంటూ, ఎవురో ఒకరికి ముందు గేటు పోవాల గదా మ్మే అంది.

ఎండ తగ్గేవేళకి మా గేటు దగ్గరికి వచ్చాం. మిషను కుయ్ మంది. వదిన ఫోనుకి మెసేజి వచ్చింది. కర్ర లేచింది. వదిన కిటికీలోంచి చెయ్యి చాచి ఉద్యోగ రొట్టె బూతులో అమ్మాయికి ఇచ్చింది. తినెయ్ మ్మే, చల్లారిపోయింది అంది. తర్వాత ఇంజను ఆపి, దిగింది.

వెనక హారన్లు మొదలయ్యాయి. కదులక్కా, నన్నంటారు అంది బూతులో అమ్మాయి, నోట్లో రొట్టెతోనే. నిన్నెవురన్నా అంటే నన్ను చూపించు అంది వదిన. ఆధార్ కార్డు చూసినాయన ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చాడు. కట్టేశారుగా మేడమ్, గేటు ఎత్తాంగా, ఇక వెళ్లొచ్చుగా అన్నాడు. ఎప్పుడూ లేనంత మర్యాదగా అడిగాడు. వదిన కూడా మర్యాదగానే చెప్పింది.

"డబ్బులు తీసుకున్నారు గదా సార్. ఈ రోడ్డుకే గదా తీసుకున్నారు. నేను కట్టిన రోడ్డు మీద నేను ఉంటా. ఈడనే ఉంటా."

వెనక కారులోంచి ఒకాయన కోపంగా దిగి వచ్చాడు. మా కాలనీ ఆయనే, ముసలి తల్లిని డాక్టరుకి చూపించి తీసుకొస్తున్నాడు. వదినని చూశాడు, పైన మిషనుని చూశాడు. వెనక్కి వెళ్లి తన ఇంజను ఆపేశాడు. పక్క లైనులో కూరగాయల వ్యాను ఆగింది. దానివెనక ఇంకోటి. నేను బండి దిగి, వదిన పక్కన, లేచిన కర్ర కింద నిలబడ్డాను. అన్ని నెలలుగా ఎవరిని తిట్టాలో తెలియక నా గొంతులో ఉండిపోయిన తిట్లన్నీ ఉన్నాయి, కానీ ఒక్కటీ అవసరం పడలేదు.

వదిన బండి తాళం చెవి కొంగు చివర ముడేసుకుని, ఆ ముడి నడుములో దోపుకుంది. బండి బేరం ఆయనకి ఫోను చేసి అమ్మను పొమ్మని చెప్పు అంది నాతో. గేటు కర్ర పైకి లేచే ఉంది. దాని కింద నుంచి ఒక్క బండీ పోలేదు.